"మా నాన్నకొచ్చింది, నాకూ వస్తాదా?"



ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మా కొండమీద యువజన సమావేశంలో మాట్లాడిన మాటలివి. అక్కడ తొందరలో కొన్ని మర్చిపోయాను. అవి కూడా కలిపి ఇక్కడ పెడుతున్నాను. సభకు రాలేనివాళ్లు చదవండి. ఇంట్లో చదువురాని పెద్దలుంటే చదివి వినిపించండి.

నన్ను పిలిచింది పోడు పట్టాల గురించి మాట్లాడమని. కానీ ముందురోజు రాత్రి ఒక తమ్ముడు మా ఇంటికొచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి, మా అమ్మకి వినిపించకుండా అడిగాడు: "అన్నియ్యా, మా నాన్నకి కిడ్నీలు పోనాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి దింపుతున్నాం. ఊర్లో అందరూ మాది కిడ్నీ ఇల్లు అంటన్నారు. నాకూ వస్తాదా?"

ఆ తమ్ముడికి ఆ రాత్రి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. భుజం తట్టి "ఏటీ కాదురా" అని పంపేశాను. అది జవాబు కాదు. అందుకే మర్నాడు సభలో పట్టాల మాట పక్కనపెట్టి దీని గురించే మాట్లాడాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా పుస్తకం చూసి చెబుతున్నట్టు ఉంటుంది. మా అమ్మ తమ్ముడు, మా మావయ్య, నలభై దాటకుండానే పోయాడు. మేం సవరలం. కొండమీద పోడు, జీడి, పసుపు, కొండచీపుర్లు మా బతుకు. అవి చాలక మావయ్య ఉద్దానం కిందికి దిగి జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కూలికి పోయేవాడు. ఆకలి లేదన్నాడు. వాంతులన్నాడు. ఊళ్లోకొచ్చే డాక్టరు గ్యాస్ బిళ్లలిచ్చాడు. నడుంనొప్పి అంటే సూది వేశాడు. ఎనిమిది నెలలు అలాగే గడిచింది. చివరికి పట్నం తీసుకెళ్లి రక్తం చూపిస్తే క్రియాటినిన్ తొమ్మిది దాటింది. అప్పటికి కిడ్నీలు దాదాపు ఆగిపోయాయి. రెండేళ్లు డయాలసిస్ చేయించాం. కొండమీంచి తెల్లారుజామున దిగితే మళ్లీ రాత్రికి ఇల్లు చేరేవాళ్లం. కూలి పోయేది, జీపు బాడుగ పడేది.

మావయ్య పోయిన ఏడాదికి మా అక్కకి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. కారణం ఎవరూ నోటితో చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. నేనేం చేశానో తెలుసా? మూడేళ్లు పరీక్ష చేయించుకోలేదు. డిగ్రీ చదివినవాణ్ని. ఊరూరా తిరిగి హక్కుల గురించి చెప్పేవాణ్ని. నా రక్తం చూపించుకోడానికి భయపడ్డాను. వస్తే ఏంటి, తెలిస్తే ఏంటి అనుకున్నాను. ఇది చదివే మీలో కొందరు ఇప్పుడు అక్కడే ఉన్నారని నాకు తెలుసు.

సరే, అసలు విషయానికొద్దాం.

మన నడుం పైభాగాన వెన్నుకి అటొకటి ఇటొకటి పిడికిలంత కిడ్నీలుంటాయి. ఒక్కోదాంట్లో సుమారు పది లక్షల చిన్న చిన్న జల్లెళ్లుంటాయి. రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, మంచిదంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి. బీపీని సర్దేది అవే. రక్తం పట్టడానికి, ఎముకలు గట్టిపడడానికి పనిచేసేదీ అవే. ఆ జల్లెళ్లు మనం తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. తర్వాత కొత్తవి పుట్టవు. పోయినవి పోయినట్టే. మిగిలినవి వాటి పని కూడా నెత్తిమీద వేసుకుని మోస్తాయి. అందుకే సగం పోయినా మనకి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు. పనికి పోతూనే ఉంటాం. కాళ్లు వాచి, ఆకలి చచ్చి, ఆయాసం వచ్చేసరికి చాలావరకు అయిపోయి ఉంటుంది. "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అన్నమాట కిడ్నీ విషయంలో నమ్మడానికి లేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. కుటుంబంలో వస్తుందా?

వస్తుంది. కానీ "రక్తంలో వచ్చింది" అన్న ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తేనే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

మొదటిది, నిజంగా వంశంలో దిగే జబ్బులు. వీటిలో ఎక్కువ కనిపించేది పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధి. కిడ్నీల నిండా నీటిబుడగలు పుట్టి, ఏళ్లమీద పెరిగి, మంచి భాగాన్ని నొక్కేస్తాయి. తల్లికి గాని తండ్రికి గాని ఇది ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. బొమ్మా బొరుసా వేసినట్టు. అన్నకి వచ్చింది కాబట్టి తమ్ముడికి రాదని లేదు, ప్రతి బిడ్డకీ నాణెం మళ్లీ ఎగరేసినట్టే. పెద్దయ్యాక ఉదరం స్కాన్ చేస్తే కనిపిస్తుంది. ఇంకోటి ఆల్‌పోర్ట్ అనే జబ్బు. మూత్రంలో రక్తం పడుతుంది, చెవులు మందగిస్తాయి, మగపిల్లలకి ఎక్కువ తీవ్రంగా ఉంటుంది. మీ ఇంట్లో కిడ్నీ జబ్బుతోపాటు చిన్నవయసులో చెవుడు వచ్చినవాళ్లుంటే డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పండి. ఇవి ఉన్న కుటుంబాలు ఉన్నాయి. కానీ కిడ్నీ పోయిన ప్రతి ఇంట్లోనూ ఉండేవి ఇవి కాదు.

రెండోది మన ఆదివాసీలకి బాగా దగ్గరది, సికిల్ సెల్. రక్తకణం గుండ్రంగా కాకుండా కొడవలిలా వంగిపోతుంది. మనదేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసీల్లో గుర్తించారు. తల్లీ తండ్రీ ఇద్దరూ మోసేవాళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగోవంతు జబ్బు వచ్చే అవకాశం, సగం మోసేవాళ్లయ్యే అవకాశం, నాలుగోవంతు ఏమీ లేకుండా పుట్టే అవకాశం. ఆ వంగిన కణాలు కిడ్నీ లోపలి సన్న నాళాల్లో ఇరుక్కుని దాన్ని మెల్లగా పాడుచేస్తాయి. జబ్బు లేని, కేవలం మోసేవాళ్లకి కూడా కొందరికి మూత్రంలో రక్తం పడొచ్చు. పైగా ఒళ్లునొప్పులు తట్టుకోలేక మింగే బిళ్లలు ఇంకో దెబ్బ. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు ఏడు కోట్లమందికి పరీక్ష చేస్తామంది. ఆ పరీక్ష మీకు జరిగిందా? కార్డు చేతికిచ్చారా? పెళ్లి మాట అనుకున్నప్పుడు కట్నం సంగతి, పొలం సంగతి అడుగుతాం గదా, ఆ కార్డు సంగతి కూడా అడగండి. సంబంధం తిప్పేయడానికి కాదు, పుట్టబోయే పిల్లల గురించి ముందే తెలిసి ఉండడానికి.

మూడోది షుగరు, బీపీ. ప్రపంచంలో ఎక్కువమంది కిడ్నీలు పోయేది ఈ రెండింటివల్లే. ఇవి కుటుంబాల్లో నడుస్తాయి, కానీ తప్పకుండా వచ్చితీరతాయని కాదు. అమ్మానాన్నల నుంచి వచ్చేది వంగుబాటు మాత్రమే. ఆ వైపు పడిపోతామా లేదా అన్నది చాలావరకు తిండి, ఉప్పు, పొగాకు, బరువు, మందులు వేళకి వేసుకోవడం మీద ఉంటుంది. మనకి షుగరెక్కడిదిలే, కొండెక్కి దిగేవాళ్లం అనుకునేవాళ్లం. చోడి అంబలి తాగే రోజులు పోయి రేషన్ బియ్యం, పిల్లల చేతుల్లో రంగునీళ్ల సీసాలు వచ్చాక ఆ మాట కూడా నడవడం లేదు.

నాలుగోది గురించి మనవాళ్లు దాదాపు మాట్లాడరు. తల్లి కడుపులో జరిగేది. కిడ్నీలోని జల్లెళ్లు తల్లికి తొమ్మిదో నెల వచ్చేసరికి పూర్తవుతాయని చెప్పాను గదా. తల్లికి తిండి చాలకపోతే, రక్తం లేకపోతే, మలేరియా పట్టుకుంటే, బిడ్డ రెండున్నర కిలోలకంటే తక్కువ బరువుతో గాని నెలలు నిండకుండా గాని పుడితే, ఆ బిడ్డ తక్కువ జల్లెళ్లతో జీవితం మొదలుపెడుతుంది. అలాంటి బిడ్డకి పెద్దయ్యాక బీపీ, కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఇది కూడా తల్లినుంచి బిడ్డకి వచ్చేదే. కానీ రక్తంలోని దోషం కాదు. ఆకలి చేసిన దోషం. గిరిజన గర్భిణికి అందాల్సిన గుడ్డు, పాలు, ఐరన్ బిళ్ల మధ్యలో మాయమైతే, దాని లెక్క నలభై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ డయాలసిస్ మంచం మీద తేలుతుంది. దాన్ని మళ్లీ "వంశంలో ఉంది" అని రాసేస్తారు.

ఐదోది, ఒక ఇంట్లో ఉండేవాళ్లు పంచుకునేది రక్తం ఒక్కటే కాదు. ఒకే ఊటనీళ్లు, ఒకే బోరు. ఒకే కూలిపని. ఒకే డాక్టరు ఇచ్చే ఒకే బిళ్ల. ఒకే పొయ్యి మీద తిండి. నాన్నకొచ్చింది, కొడుక్కొచ్చింది అంటే ఇద్దరూ ఒకే తోటలో ఎండలో పనిచేశారేమో కూడా చూడాలి గదా.

దీనికి ఒక నిజమైన కథ ఉంది. యూరప్‌లో డాన్యూబ్ నదిలో కలిసే ఏళ్ల ఒడ్డున, బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రుమేనియా దేశాల్లో కొన్ని రైతు ఊళ్లున్నాయి. 1950ల నుంచి డాక్టర్లు అక్కడ ఒక కిడ్నీ జబ్బు గురించి రాస్తూ వచ్చారు. ఒక ఊర్లో ఉంటుంది, పక్క ఊర్లో ఉండదు. ఒక ఇంట్లో తరాలుగా ఉంటుంది, ఎదురింట్లో ఉండదు. అందుకే చాలాకాలం చాలామంది అది వంశపు జబ్బే అనుకున్నారు. కానీ రెండు సంగతులు లెక్కకి కుదరలేదు. బయటి ఊరినుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చినవాళ్లకి కూడా పదిహేను ఇరవై ఏళ్లకి అదే జబ్బు వచ్చేది. చిన్నప్పుడే ఆ ఊరు వదిలి పోయినవాళ్లకి వచ్చేది కాదు. కోడలికి ఆ ఇంటి రక్తం ఎక్కడిది?

దారి చూపించింది వేరే దేశం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల బిళ్లలు వాడిన ఆడవాళ్లకి అలాంటి కిడ్నీ జబ్బే వచ్చింది. వెతికితే ఆ బిళ్లల్లో అరిస్టలోకియా అనే మొక్క జాతి కలిసింది. ఆ జాతిదే ఒక మొక్క డాన్యూబ్ ఊళ్ల గోధుమ చేలల్లో కలుపుగా పెరుగుతుంది. దాని గింజలు కోతలో గోధుమతో కలిసి, పిండిలో పడి, రొట్టెలో పడి, ఏళ్లతరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి పోయాయి. 2007 తర్వాత రోగుల కిడ్నీల్లోనే ఆ విషం గుర్తులు దొరికాయి. యాభై ఏళ్లు "ఆ ఇంటి రక్తం" అన్నది, చివరికి ఆ ఇంటి రొట్టె.

ఈ కథ నుంచి మన ఇంటికి మూడు ప్రశ్నలు తెచ్చుకోవచ్చు. మీ ఇంట్లో జబ్బు రక్తసంబంధం ఉన్నవాళ్లకే వచ్చిందా, కోడళ్లకి అల్లుళ్లకి కూడా వచ్చిందా? చిన్నప్పుడే ఊరు వదిలిపోయిన అన్నదమ్ములకి వచ్చిందా, లేదా? వచ్చినవాళ్లు ఏ పని చేశారు, ఏ నీళ్లు తాగారు, ఏ మందు మింగారు? ఒక కాగితం మీద తాత దగ్గర్నుంచి గీత గీసి రాయండి. ఎవరికి ఏ వయసులో వచ్చిందో రాయండి. ఆ కాగితం తీసుకుని కిడ్నీ డాక్టరు దగ్గరికి పోతే మీకు పది నిమిషాల ఉపన్యాసం అక్కర్లేదు, ఆయనకి సగం సంగతి అర్థమైపోతుంది.

నేను మా ఇంటిది గీశాను. మావయ్యకి వచ్చింది. మావయ్యతో పాటు తోటలకి దిగిన మా పెద్దమ్మ పెనిమిటికీ వచ్చింది. ఆయనకి మా అమ్మ వైపు రక్తం లేదు. కొండ దిగని ఇద్దరు తాతలకి రాలేదు. ఒక్క ఇంటి లెక్కతో ఏదీ తేలదని నాకూ తెలుసు. కానీ "మీ ఇంటి రక్తమే అంత" అన్న మాట నా మెడమీంచి కొంచెం దిగింది.

ఉద్దానం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. 2019లో, 2020లో అచ్చయిన రెండు పెద్ద అధ్యయనాల్లో అక్కడి పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు లేదు. ఇంతవరకు ఒక్క కారణం ఇదీ అని తేలలేదు. నీళ్లు, ఎండలో పని, నొప్పి బిళ్లలు, పురుగుమందులు, వంశంలోని బలహీనత అన్నీ అనుమానంలో ఉన్నాయి, కొన్ని కలిసి పనిచేస్తూ ఉండొచ్చు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతం వరిరైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఈ మూడు చోట్ల మనుషుల రక్తం ఒకటి కాదు. వాళ్లందరికీ కలిసేది ఎండలో ఒంగి చేసే పని, పేదరికం.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అదే రోజు హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చే పథకం కూడా మొదలైంది. అవి ఊరికే రాలేదు. ఉద్దానం జనం ఏళ్లతరబడి అడిగితే వచ్చాయి. మనం కొండమీద ఉంటాం గదా, మనకెందుకు అనుకోవద్దు. మన ఆడోళ్లు, మగోళ్లు కూలికి దిగేది ఆ తోటల్లోకే, ఆ జీడిపిక్కల బట్టీల్లోకే. పైప్‌లైను ఊరి వీధి కుళాయి దాకా వస్తుంది, కూలీ పనిచేసే చెట్టుకింద దాకా రాదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? ఒక్కొక్కటి చెబుతాను.

పరీక్ష. మీ ఇంట్లో కన్నవాళ్లకి గాని తోబుట్టువులకి గాని కిడ్నీ జబ్బు ఉంటే, మీకు షుగరు బీపీ ఉంటే, సికిల్ సెల్ ఉంటే, లేదా ఉద్దానంలో కూలిచేస్తుంటే, ఏడాదికోసారి మూడు చూపించుకోండి: బీపీ, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఉద్దానం లాంటి జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోకపోవచ్చు, కాబట్టి మూత్రం ఒక్కటి చూసి ఇంటికి పంపితే ఒప్పుకోకండి, రక్తం కూడా చూడమనండి. రెండోది, క్రియాటినిన్ కండలనుంచి వస్తుంది. బక్కపల్చని మనిషికి కిడ్నీ తగ్గినా అంకె బాగున్నట్టే కనిపించొచ్చు. అందుకే వయసు చెప్పి ఈజీఎఫ్ఆర్ లెక్కకట్టమనండి, పోయినేడాది కాగితంతో పోల్చమనండి. ఈజీఎఫ్ఆర్ అరవైకంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాల జబ్బు. ఒక్కసారి తేడా వస్తే గుండెలు బాదుకోవద్దు, మళ్లీ చేయించండి. కాగితాలు పారేయొద్దు.

నొప్పి బిళ్లలు. నాకు తెలిసి మన ఊళ్లలో వెంటనే ఆపగలిగింది ఇదే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, నిమెసులైడ్. బడ్డీకొట్లో దొరుకుతాయి. సాయంత్రం కూలి అయ్యాక ఒకటి, పొద్దున్న పనికి పోయేముందు ఒకటి. ఎండలో చెమటపట్టి ఒళ్లు ఎండిపోయినప్పుడు ఇవి కిడ్నీకి పోయే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఎప్పుడో ఒకసారి వేసుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కొంప మునగదు. నెలలతరబడి రోజూ వేసుకుంటే ముప్పు. కిడ్నీ ఇప్పటికే తగ్గినవాళ్లు అసలే వేసుకోకూడదు. నొప్పికి పారాసెటమాల్ సరైన మోతాదులో మేలు. సూది వేయమని అడిగేది కూడా మనమే, అది మానాలి. ఏం సూదో పేరు రాసివ్వమని అడగాలి.

నీళ్లు, నీడ, విశ్రాంతి. మధ్య అమెరికా చెరకు తోటల్లో కూలీల కిడ్నీలు కాపాడ్డానికి ఈ మూడు మాటలతోనే ఒక పద్ధతి పెట్టారు. చల్లటి పూట పని, గంట గంటకీ నీడలో ఆగడం, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగడం. ఇది కూలీ ఒక్కడి చేతిలో ఉండదు. మేస్త్రీతో, తోట యజమానితో నలుగురు కలిసి మాట్లాడాలి. ఒక జాగ్రత్త: కిడ్నీ జబ్బు ముదిరి కాళ్లు వాచినవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు నీళ్లు డాక్టరు చెప్పిన కొలతలోనే తాగాలి. వాళ్లకి కొబ్బరినీళ్లు కూడా ప్రమాదం, అందులో పొటాషియం ఎక్కువ, గుండెకే చేటు. ప్రేమతో బొండాం కొట్టిచ్చి చంపుకోవద్దు.

ఉప్పు, పొగాకు, సారా. ఉప్పు రోజుకి మొత్తం ఒక చిన్న చెంచా, అయిదు గ్రాములు చాలు. సంతలో కొనే ఎండుచేపల్లో, పచ్చళ్లలో ఎంత ఉప్పుందో నాలిక్కి తెలుసు. కడిగి వండండి, తగ్గించి తినండి. చుట్ట, బీడీ నాళాల్ని పాడుచేస్తాయి. బీపీ మందు రాస్తే బాగుందని మధ్యలో ఆపొద్దు.

పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో గజ్జి, కురుపులు మామూలే అనుకుంటాం. ఒంటిమీద చీముకురుపు వచ్చిన కొన్ని వారాలకి పిల్లవాడి మొహం పొద్దున్నే ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది కిడ్నీ వాపు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు, కానీ కురుపునే ముందు తగ్గిస్తే అంతదాకా రాకపోవచ్చు. సబ్బు, నీళ్లు, మందు ఇవ్వమని అడగడం కూడా కిడ్నీ హక్కే. రక్తపింజర కాటు, ముదిరిన మలేరియా, ఆగని విరేచనాలు కూడా కిడ్నీని కొన్ని గంటల్లో, రోజుల్లో దెబ్బతీస్తాయి. పాముకాటుకి మంత్రం దగ్గర పూట పోగొట్టొద్దు, విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికే పరుగెత్తాలి.

ఇక మన మందులు. ఈ మాట అంటే మా తాతలకి కోపం వస్తుందని తెలుసు. మన వైద్యాన్ని ఎగతాళి చేసేవాళ్లతో నేను ఎప్పుడూ గొడవే పడతాను. కానీ డాన్యూబ్ కథలో చెప్పిన అరిస్టలోకియా జాతి మన అడవిలోనూ ఉంది. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఆ జాతివే. అందులోని విషం కిడ్నీని ఎండగడుతుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. మన పెద్దలు గోరంత వాడి ఉంటారు, ఆ హాని కనిపించడానికి ఏళ్లు పడుతుంది గనక వాళ్లకి తెలిసే దారి లేదు. మన జ్ఞానం మనదే, దాన్ని సరిదిద్దుకునే హక్కు కూడా మనదే. ఆ వేరు లోపలికి తీసుకోవడం ఆపేద్దాం. కిడ్నీ తగ్గినవాళ్లు ఏ పసరు తాగాలన్నా, ఏ భస్మం తినాలన్నా ముందు డాక్టరుకి చెప్పాలి.

పెళ్లిళ్ల మాట ఒకటి. కిడ్నీ జబ్బు అంటుకునేది కాదు. ఒక కంచంలో తింటే రాదు. ఒక ఇంట్లో ఒకరికి వచ్చిందని ఆ ఇంటి ఆడపిల్లని వద్దనడం అన్యాయమే గాక తెలివితక్కువ కూడా. వెలివేస్తారన్న భయంతో జనం పరీక్షకి రారు, దాచుకుంటారు, మా మావయ్యలా తొమ్మిది దాటాక బయటపడతారు. మనం చేసే వెలి ఆ జబ్బుకి ఎరువు.

చివరిగా, ఇది ఒక్కో మనిషి జాగ్రత్తతో తీరేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి నెలకి 10,000 రూపాయల పింఛనుంది. పేదలకి ఉచిత డయాలసిస్ కోసం 2016 నుంచి జాతీయ పథకముంది. ఇవి మన హక్కులు, కాగితాలు పెట్టి తీసుకోండి. కానీ ఇవన్నీ కిడ్నీ పోయాక వచ్చేవి. పోకముందు ఏముంది? మా సభలో నాలుగు అడగాలని తీర్మానించాం. కొండ పంచాయతీల పీహెచ్‌సీలో క్రియాటినిన్ పరీక్ష, నెలకో రోజు ఊర్లోకే వచ్చి. ప్రతి ఊటకీ బోరుకీ నీటి పరీక్ష, ఫలితం ఊరి గోడమీద తెలుగులో. తోటల్లో, బట్టీల్లో కూలీలకి నీడ, తాగునీళ్లు. ఆశ్రమ పాఠశాలల్లో ఏడాదికోసారి బీపీ, మూత్రం, చర్మం పరీక్ష. మీ ఊర్లో కూడా ఈ నాలుగూ గ్రామసభలో పెట్టండి. మినిట్స్ పుస్తకంలో రాయించండి.

తమ్ముడికి జవాబు ఇంకా బాకీ ఉంది గదా. సభ అయ్యాక అతన్ని పక్కకి పిలిచి చెప్పాను: "రావొచ్చు, రాకపోవచ్చు. మీ నాన్నకి రాని ఇంటి కుర్రాడికంటే నువ్వు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, అంతే. ముందే తెలిస్తే చాలామందికి కిడ్నీ పోకుండా ఏళ్లతరబడి ఆపొచ్చు. నేనూ మూడేళ్లు భయపడి దాటేశాను. ఎల్దామా?"

తర్వాతి సోమవారం ఇద్దరం కలిసి దిగాం. మా అమ్మని కూడా తీసుకెళ్లాను. తమ్ముడిది బాగుంది. నాది బాగుంది. మా అమ్మది బాలేదు. ఈజీఎఫ్ఆర్ 52. మూడు నెలల తర్వాత మళ్లీ చేయిస్తే 54. మోకాళ్ల నొప్పికి రోజూ వేసుకునే బిళ్లలు అదే రోజు ఆపేసింది. బీపీ మందు మొదలుపెట్టింది. నెలకోసారి చూపించుకుంటోంది. మూడేళ్ల కిందట నేను భయపడకుండా ఉంటే ఆ అంకె ఇంకా పైన ఉండేదేమో. ఆ ఆలోచన నన్ను వదలదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఈ వారంలో ఒక కాగితం తీసుకోండి. తాత దగ్గర్నుంచి గీత గీయండి. ఎవరికొచ్చిందో రాయండి. తర్వాత ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని పరీక్షకి దిగండి. ఒంటరిగా పోవడం కష్టమైతే మీ ఊరి యువజన సంఘంలో ఒకరిని తోడు అడగండి.

జోహార్!